తాళం వేసిన తలుపు

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో చాలామందికి జీతంలో సోషల్ సెక్యూరిటీ పేరిట కొంత కోత పడుతుంది. ఆ పథకం వెనుక నిలిచిన విశ్వాసి గురించి మాత్రం మన సంఘాల్లో చెప్పుకోవడం తక్కువ. ఆమె పేరు ఫ్రాన్సెస్ పెర్కిన్స్.

1880లో బోస్టన్‌లో పుట్టిన ఆమె, చదువు ముగిశాక చికాగోలో పేదల మధ్య పనిచేశారు. ఎపిస్కోపల్ సంఘంలో చేరింది ఆ రోజుల్లోనే. అప్పటికి ఆమెది మనకు తెలిసిన దారే: ఆకలిగా ఉన్నవారికి అన్నం, జబ్బుపడినవారికి పరామర్శ.

1911 మార్చి 25, శనివారం. న్యూయార్క్‌లో స్నేహితురాలి ఇంట్లో టీ తాగుతుండగా ఫైరింజన్ల చప్పుడు వినిపించి బయటికి పరుగెత్తారు. దగ్గరలోని పదంతస్తుల భవనంలో, పై మూడు అంతస్తుల్లో ఉన్న జాకెట్ల ఫ్యాక్టరీ మండిపోతోంది. ఒక తలుపుకు యాజమాన్యం తాళం వేసి ఉంచింది. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. కిటికీల్లోంచి ఆడపిల్లలు దూకడం పెర్కిన్స్ కళ్లారా చూశారు. మొత్తం 146 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్టకూటికి వలస వచ్చిన కుటుంబాల యువతులు.

ఆ తాళం దానధర్మాలతో ఊడేది కాదు. దానికి చట్టం కావాలి. తర్వాత ఏర్పడిన విచారణ సంఘం పనిలో ఆమె శాసనసభ్యులను స్వయంగా ఫ్యాక్టరీలకు తీసుకెళ్లారు. అగ్నిప్రమాదంలో తప్పించుకునే దారి అని పేరుపెట్టిన చిన్న కంతలోంచి రాబర్ట్ వాగ్నర్ అనే సెనేటర్‌ను పాకించారు కూడా! అవతల మంచు పట్టిన ఇనుప నిచ్చెన, అదీ నేలదాకా లేదు. వంద అర్జీలు చేయలేని పని ఆ కంత చేసి ఉంటుందని మా నమ్మకం.

1933లో రూజ్‌వెల్ట్ కార్మిక మంత్రి పదవి ఇవ్వజూపినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. కనీస వేతనం, పని గంటలకు పరిమితి, బాలకార్మికుల నిషేధం, నిరుద్యోగులకూ వృద్ధులకూ బీమా వంటి వాటిని ముందుగా ఆయన ముందుంచి, సరేనన్నాకే పదవి తీసుకున్నారు. అమెరికా మంత్రివర్గంలో మొదటి మహిళ ఆమె. 12 ఏళ్లు కొనసాగారు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం, 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం వచ్చాయి. ఆరోగ్య బీమా మాత్రం సాధించలేకపోయారు.

ఇంట్లో భర్తకు తీరని మానసిక అనారోగ్యం. 1939లో పదవి నుంచి తొలగించాలని పార్లమెంటులో అభిశంసన తీర్మానం. అది వీగిపోయింది. ఆ ఏళ్లలో ఆమె తరచూ మేరీలాండ్‌లోని ఒక కాన్వెంటుకు వెళ్లి, సిస్టర్ల మధ్య మౌనంగా ప్రార్థనలో గడిపి వచ్చేవారు.

ఒక లోటు చెప్పకపోతే ఈ జీవిత కథ సగమే. 1935 చట్టంలోని వృద్ధాప్య బీమా పొలం కూలీలకూ, ఇళ్లలో పనిచేసేవారికీ వర్తించలేదు. దానితో నల్లజాతివారిలో ఎందరో బయటే మిగిలారు. వారిలో ఎక్కువమందికి ఆ తలుపు తెరుచుకున్నది 1950, 1954 సవరణల తర్వాతే. పెర్కిన్స్ 1965లో కన్నుమూశారు.

పొలం కూలీలు, ఇళ్లలో పనిచేసే తల్లులు మన మందిరాల్లోనూ ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, వారిలో ఎందరి పేర్లు ఈ-శ్రమ్‌లో నమోదయ్యాయో, ఏ తల్లికి వితంతు పింఛను ఆగిపోయిందో సంఘ పెద్దలు ఒక కాగితం మీద రాసుకోవాలని కోరుతున్నాము.