బడిపంతులు చేతిలో బంగారు జట్టు
భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన హైదరాబాదీ రహీం సాబ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఓటములతో కుదేలైన భారత ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడు కావాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో ప్రకటిస్తే 170 దరఖాస్తులు వచ్చాయి. 2024 జూన్‌లో క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించారు. తర్వాత వచ్చిన స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్క్వెజ్ ఏడాదికే తప్పుకొన్నారు. చివరకు 2025 ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను ఎంపిక చేశారు. భారతీయునికి ఆ బాధ్యత దక్కడం 13 ఏళ్లలో అదే మొదలు. ఇలాంటి వెతుకులాట జరిగిన ప్రతిసారీ పాత తరం అభిమానుల నోట వినిపించే పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన విదేశాల నుంచి వచ్చినవారు కారు. హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన బడిపంతులు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేశారు. స్వయంగా మంచి ఆటగాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. తుదిశ్వాస వరకు ఆ పదవిలోనే కొనసాగారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు అప్పటి హైదరాబాద్ సంస్థానంలోని నల్గొండ జిల్లాలో భాగం. కనుక రహీం తీర్చిదిద్దిన జట్టు ఈ ప్రాంతానికి పరాయిది కాదు.

ఆయన పేరు దేశమంతటా మారుమోగింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో. కలకత్తా జట్లదే రాజ్యంగా సాగుతున్న కాలంలో 1950 డ్యూరాండ్ కప్‌ను ఈ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి గెలుచుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు మరొకరికి దక్కనివ్వలేదు.

ఈ విజయాల వెనుక మంత్రమేమీ లేదు, బడిలో మాదిరి సాధన ఉంది. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని గారడీ చేయడం రహీంకు గిట్టేది కాదు. డ్రిబ్లింగ్ నిషేధించి ప్రత్యేక పోటీలు నిర్వహించారు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే ఆడాలన్న నిబంధనతో మరికొన్ని పోటీలు పెట్టారు. ఒక్క స్పర్శతో బంతిని అందించడం కుర్రాళ్లకు అలవాటైంది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేదింటి బిడ్డ తులసీదాస్ బలరాంను గుర్తించి, సాధనకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు సైతం తానే ఇచ్చారు. ఆ బాలుడు తర్వాత దేశం గర్వించే ఫార్వర్డ్ అయ్యాడు.

హెల్సింకీలో చెంపపెట్టు

జాతీయ జట్టు శిక్షకునిగా రహీంకు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలు స్వర్ణం తెచ్చిపెట్టాయి. ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో భారత్ గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. చలిలో మనవాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఇంతటి పరాజయం తర్వాత శిక్షకుణ్ని మార్చడం నేటి ఆనవాయితీ. నాడు ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. రహీం ఐరోపా జట్ల, ముఖ్యంగా హంగరీ ఆటతీరును అధ్యయనం చేశారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసిన 4-2-4 వ్యూహాన్ని మన దేశంలో ప్రవేశపెట్టిన ఘనత ఆయనదే.

ఫలితం మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగ్గా నెల రోజులైన 1956 డిసెంబర్ 1న భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించాడు. ఆసియా జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ చేరడం అదే ప్రథమం. సెమీస్‌లో యుగోస్లావియాపై మొదటి గోలు మనదే అయినా 4-1తో ఓటమి తప్పలేదు. కాంస్య పోరులో బల్గేరియా గెలవగా భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించినా గ్రూపు దశ దాటలేకపోయింది.

జకార్తాలో చివరి సమరం

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో భారత్‌ను ఓడించింది. థాయ్‌లాండ్‌పై గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరొకరైతే అతణ్ని పక్కన కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచి భారత్ ఫైనల్ చేరింది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో స్థానికులు మన జట్టుపై కన్నెర్ర చేశారు. కిక్కిరిసిన సెనయాన్ స్టేడియం మొత్తం హేళన చేస్తుంటే, పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం భారత్‌కు మద్దతు పలకడం విశేషం. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, మరో మూడు నిమిషాలకు తల కుట్లతోనే ఆడుతున్న జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. చివర్లో కొరియా ఒక గోలు తిరిగిచ్చినా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. 1964 ఆసియా కప్‌లో ఆంగ్లేయుడు హ్యారీ రైట్ శిక్షణలో భారత్ రెండో స్థానం పొందింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పతకమే లేదు.

ఉత్తమ శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో ఆ పురస్కారం మొట్టమొదట, 1990లో, దక్కింది కూడా హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్‌కే. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడై, అనంతరం అంతర్జాతీయ రిఫరీగా పనిచేసి 2021లో మరణించారు.

జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు 2021లో ఆతిథ్యమిచ్చిన సూర్యాపేటలోనూ, కోదాడ, మిర్యాలగూడల్లోనూ నేటి యువతలో చాలామందికి రహీం పేరు తెలిసింది 2024లో అజయ్ దేవ్‌గణ్ నటించిన హిందీ చిత్రం మైదాన్ ద్వారానే.