మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ముళబాగిలు చుట్టుపక్కల పల్లెల్లో వాన కురిస్తేనే చెరువు నిండుతుంది. చెరువు నిండితేనే పైరు పండుతుంది. ఏడాది పొడవునా పారే నది కోలారు సీమలో లేదు. ఇటువంటి సీమలో పుట్టి, నీటిని అదుపులో పెట్టే విద్య నేర్చి, దేశమంతటా పేరు పొందిన మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆయన 1861 సెప్టెంబరు 15న ముద్దేనహళ్ళిలో జన్మించారు. అప్పట్లో కోలారు జిల్లాకు చెందిన ఆ ఊరు 2007 నుండి చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉంది. వారి పూర్వులు తెలుగునాటి మోక్షగుండం గ్రామం నుండి వచ్చినవారు. అందుచేత ఆ ఊరిపేరే ఇంటిపేరయింది. తల్లి వెంకటలక్ష్మమ్మ. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. విశ్వేశ్వరయ్యగారి చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు.

కష్టాలు చుట్టుముట్టినా విశ్వేశ్వరయ్యగారు చదువు మానలేదు. బడి చదువు ముగించి బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చేరారు. ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతూ తన చదువు సాగించారు. 1881లో బి.ఏ. ఉత్తీర్ణులయ్యారు. తరువాత ఇంజనీరింగు చదవాలంటే దూరాన ఉన్న పుణె వెళ్ళాలి. అందుకు తగిన ధనం లేదు. అప్పుడు మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనం ఇచ్చి ఆదుకొంది. ఆ సాయాన్ని ఆయన వృథా చేయలేదు. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ స్థానం సంపాదించారు.

1884లో బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా చేరారు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన రూపొందించిన తలుపులు అమర్చారు. వరద నీరు ఒక మట్టానికి చేరగానే అవి వాటంతట అవే తెరచుకొనేవి. నీరు తగ్గగానే మూసుకొనేవి. 1906లో సముద్రతీరాన ఉన్న ఏడెన్ నగరానికి వెళ్ళి మంచినీటి పథకం సిద్ధం చేశారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలమందిని బలిగొన్నది. ఆ నగర రక్షణకు ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సూచన ఫలితాలే.

1909లో మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. కావేరిపై కృష్ణరాజసాగరం ఆనకట్ట పని ప్రారంభించారు. 1912లో దివాను అయ్యారు. తాను చదువుకోసం పుణె వెళ్ళవలసి వచ్చింది. తరువాతి తరానికి ఆ అవసరం లేకుండా 1917లో బెంగళూరులోనే ఇంజనీరింగు కళాశాల ఏర్పడేలా చేశారు. నేడు ఆ కళాశాల ఆయన పేరుతోనే వెలుగొందుతున్నది.

కాలక్రమంలో ఇంజనీరింగు విద్య భూమిని దాటి ఆకాశానికీ సముద్రానికీ విస్తరించింది. 1942లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో విమాన ఇంజనీరింగు విభాగం మొదలయింది. నీరు ఆనకట్ట తలుపును నెట్టే తీరునూ, గాలి విమానపు రెక్కను పైకెత్తే తీరునూ, అలలు ఓడను ఊపే తీరునూ వివరించే శాస్త్రం ఒక్కటే. అది ప్రవాహాలను గురించిన శాస్త్రం.

1955లో భారత ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని భారతరత్నతో గౌరవించింది. నూరేళ్ళ నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో ఆయన పరమపదించారు. ఆయన పుట్టినరోజును మన దేశంలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నాము. ఒక పేద విద్యార్థికి నాడు అందిన సాయం, ఎందరో విద్యార్థులకు చదువై తిరిగి వచ్చింది.