హరికథా పితామహుడు

శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు 1864 ఆగస్టు 31న నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లి నరసమ్మ, తండ్రి వేంకటచయనులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. పురాణ శ్రవణంతోనూ, పద్యపఠనంతోనూ ఆయన బాల్యం గడిచింది. పిదప విజయనగరంలో ఆంగ్ల విద్య నభ్యసించారు.

1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో హరికథాగానం చేశారు. మరాఠీ కీర్తన సంప్రదాయ ప్రభావంతో తంజావూరు సీమలో రూపుదిద్దుకొన్న ఆ ప్రక్రియ పంతొమ్మిదేళ్ల నారాయణదాసును ఆకర్షించింది. ఇతరుల కథను వల్లించి పేరు తెచ్చుకోవడం ఆయనకు రుచించలేదు. స్వయంగా ధ్రువచరిత్రమును రచించి గానం చేశారు. నాటి నుండి హరికథయే ఆయనకు జీవితమైంది.

హరికథకుడు ఒక్కడే కవి, గాయకుడు, నర్తకుడు, నటుడు కావలెను. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు ధరించి గంటల తరబడి సభను రంజింపజేయవలెను. ధ్వనివర్ధకాలు లేని ఆ రోజులలో కంఠమే సాధనం. పండితుడు మెచ్చే సమాసం, పామరుడికి తెలిసే పలుకు ఒకే కథలో ఇమడాలి. ఈ కష్టసాధ్యమైన సమన్వయాన్ని సాధించినందువల్లనే అరువు వచ్చిన కళ తెలుగువారి సొత్తయింది. అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, రుక్మిణీ కల్యాణము, యథార్థ రామాయణము ఆయన రచించిన హరికథలలో ప్రసిద్ధమైనవి.

ఆయన సంస్కృతం, ఆంగ్లం, పారశీకం, అరబ్బీ భాషలు నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి అనువదించారు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. అన్యభాషలు నేర్చినకొద్దీ అచ్చతెలుగుపై ఆయనకు మక్కువ పెరిగిందే గాని తరగలేదు.

1919లో విజయనగర సంస్థానాధీశులు విజయరామ గజపతి సంగీత పాఠశాలను స్థాపించి, నారాయణదాసును తొలి అధ్యక్షులుగా నియమించారు. యువకుడైన ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ అధ్యాపకులయ్యారు. గురువు ఇంట సేవ చేస్తే గాని లభించని విద్య, దీనివల్ల పాఠశాలలో క్రమబద్ధంగా లభించింది. సంగీతాన్ని జీవనోపాధిగా ఎంచుకోవాలనుకొన్న యువకులకు అది ఆశ్రయమైంది. ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల తరువాతి కాలంలో అక్కడ శిక్షణ పొంది, చలనచిత్ర గానంలో తెలుగు ఉచ్చారణకు వన్నె తెచ్చారు.

1936లో పదవీ విరమణ చేసిన నారాయణదాసు 1945 జనవరి 2న పరమపదించారు. మంచి కళ ఎక్కడి నుండి వచ్చినా స్వీకరించవచ్చునని, అయితే దానికి మన భాషను, మన గొంతును ఇచ్చినప్పుడే అది మనదవుతుందని ఆయన జీవితం యువతకు బోధిస్తుంది.