సొంత పేరు, సొంత లేబుల్: సన్ రా జీవితం, సాటర్న్ రికార్డులు

పాత జాజ్ రికార్డులు పోగుచేసేవాళ్ళలో ఎల్ సాటర్న్ అనే లేబుల్‌కి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఆ ఎల్పీల్లో చాలావాటి కవర్లు ప్రెస్సులో అచ్చయినవి కావు. తెల్ల అట్ట మీద రంగు పెన్నులతో చేత్తో బొమ్మలు వేసి, అక్షరాలు రాసినవి. కొన్నింటి మీద పాటల పేర్లుండవు. చాలావాటి మీద రికార్డు చేసిన తేదీ ఉండదు. ఒక్కో దఫాకి కొన్ని వందల కాపీలే తీసేవాళ్ళు. కచేరీ అయిపోయాక వేదిక పక్కన పెట్టి కొద్దిపాటి డాలర్లకు అమ్మిన ఆ రికార్డులు ఇవాళ వందల డాలర్లు, కొన్నైతే వేల డాలర్లు పలుకుతున్నాయి.

వాటి వెనక ఉన్న మనిషి సన్ రా. పియానో వాయించాడు, వందలాది బాణీలు కట్టాడు, నలభై ఏళ్ళపాటు ఒక పెద్ద వాద్యబృందాన్ని నడిపాడు. తాను ఈ భూమి మీద పుట్టలేదని, శని గ్రహం నుంచి వచ్చానని జీవితాంతం చెప్పుకున్నాడు. చాలామంది పిచ్చివాడన్నారు. మేము ఆయన కథను ఇక్కడ చెబుతున్నది ఆ వింత కోసం కాదు. అణగారిన జాతిలో పుట్టిన ఒక కళాకారుడు తన పేరును, తన పాటను, వాటిని అమ్మే హక్కును ఎవరి చేతుల్లోనూ పెట్టకుండా ఎలా బతికాడో తెలుసుకోవడం మనకు అవసరం కాబట్టి.

ఆయన 1914 మే 22న అమెరికాలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు హెర్మన్ పూల్ బ్లౌంట్. అప్పట్లో నల్లజాతి జనంలో పేరుమోసిన బ్లాక్ హెర్మన్ అనే ఇంద్రజాలికుడి పేరు అది. అమ్మమ్మ, ఆమె తరపు బంధువులు పెంచారు. బర్మింగ్‌హామ్ ఇనుము, బొగ్గు గనుల ఊరు. బడి, బస్సు, హోటలు, ఆసుపత్రి, చివరికి శ్మశానం కూడా తెల్లవాళ్ళకు వేరు, నల్లవాళ్ళకు వేరు. వెలివాడ అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ ఊరి గురించి ఎక్కువ వివరించనక్కరలేదు.

చదువుకోవాలన్న ఆకలి మాత్రం ఆ పిల్లవాడికి బాగా ఉండేది. నల్లజాతి మేసన్ల లాడ్జిలో ఒక గ్రంథాలయం ఉండేది. అక్కడ అడ్డూ అదుపూ లేకుండా పుస్తకాలు చదివాడు. ఇండస్ట్రియల్ హైస్కూల్లో జాన్ టి. వాట్లీ అనే సంగీతం మాస్టారు దొరికాడు. క్రమశిక్షణ విషయంలో చండశాసనుడు. ఆయన చేతికింద తయారైన పిల్లలు దేశంలోని పెద్ద పెద్ద బృందాల్లో చేరారు. మన కుర్రవాడు ఊరికి వచ్చిన ప్రతి బృందాన్నీ విని, ఇంటికెళ్ళి జ్ఞాపకం మీదే ఆ సంగీతమంతా కాగితం మీద రాసేవాడట. 1936లో హంట్స్‌విల్‌లోని నల్లజాతీయుల కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చేరి, ఏడాదికే మానేశాడు. ఆ రోజుల్లోనే ఒక వెలుగు తనను శని గ్రహానికి తీసుకుపోయిందని తర్వాతి కాలంలో చెప్పాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరమని పిలుపు వస్తే, చంపడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని రాసిచ్చాడు. బదులుగా కేటాయించిన పౌరసేవ శిబిరానికీ వెళ్ళలేదు. అరెస్టు చేసి అలబామాలో జైల్లో పెట్టారు. అక్కణ్ణించి పెన్సిల్వేనియాలోని శిబిరానికి పంపారు. ఆరోగ్యం బాగాలేదని 1943లో వదిలేశారు. బంధువుల్లో కొందరు మొహం చాటేశారు. తన హక్కులు కాలరాసిన దేశం కోసం ప్రాణం తీయనని నిలబడిన నల్లవాడికి ఆ రోజుల్లో సొంతవాళ్ళ అండ కూడా దొరకలేదు.

యుద్ధం ముగిశాక దక్షిణాది వదిలి వెళ్ళిన లక్షలాది నల్లజాతి జనంతో పాటు ఆయన కూడా షికాగో చేరాడు. అక్కడా సంగీతకారుల యూనియన్ రెండుగా చీలి ఉండేది. నల్లవాళ్ళది 208వ నంబరు శాఖ. క్లబ్ డెలీసాలో ఫ్లెచర్ హెండర్సన్ బృందానికి పియానో వాయిస్తూ, బాణీలు రాస్తూ పని నేర్చుకున్నాడు. 1952 అక్టోబరులో కోర్టుకు వెళ్ళి చట్టబద్ధంగా పేరు మార్చుకున్నాడు. లె సోనీ రా. వేదిక మీద సన్ రా. రా అంటే ప్రాచీన ఈజిప్టు సూర్యదేవుడు. బ్లౌంట్ అన్నది బానిసత్వపు గుర్తు అని ఆయన నమ్మకం. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు పంచములన్న పేరు కాదని ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. ఎదుటివాడు తగిలించిన పేరును తీసి పారేయడం ఎంత పెద్ద రాజకీయమో మన చరిత్రకు తెలుసు.

షికాగోలోనే ఆల్టన్ అబ్రహాం పరిచయమయ్యాడు. ఆయనా నల్లజాతివాడే. ఇద్దరూ కలిసి ఒక చిన్న అధ్యయన బృందం పెట్టారు. బైబిల్, ఈజిప్టు చరిత్ర, అంతరిక్షం మీద చర్చించేవాళ్ళు. టైపు చేసిన కరపత్రాలు వాషింగ్టన్ పార్కులో పంచేవాళ్ళు. ఆ సాన్నిహిత్యం నుంచే ఎల్ సాటర్న్ లేబుల్ పుట్టింది. 1957లో సూపర్ సోనిక్ జాజ్ అనే ఎల్పీ వచ్చింది. నల్లజాతి సంగీత వ్యాపారానికి మారుపేరైన మోటౌన్ కంపెనీ పుట్టింది 1959లో అని గుర్తుపెట్టుకుంటే, వీళ్ళు ఎంత ముందున్నారో అర్థమవుతుంది. అప్పటి మామూలు పద్ధతిలో కంపెనీ స్టూడియో ఖర్చు పెట్టేది, రికార్డు హక్కులు తన దగ్గరే ఉంచుకునేది, సంగీతకారుడికి ఒక్కసారి ఇంత అని ముట్టజెప్పేది. సాటర్న్‌లో రిహార్సల్ నుంచి టేపు దాకా, కవరు నుంచి అమ్మకం దాకా అన్నీ వీళ్ళే. ఇతర కంపెనీలకూ సన్ రా రికార్డులు చేశాడు. కానీ సాటర్న్‌ను మాత్రం వదలలేదు.

ఆ సంగీతం ఎలా ఉంటుంది? కొత్తగా వినేవాళ్ళకు మేము మూడు ఎల్పీలు సూచిస్తాం. మొదటిది 1959 నాటి జాజ్ ఇన్ సిల్హౌట్. ఇందులో లయ, స్వరమేళనం పాత పెద్ద బృందాల దారిలోనే ఉంటాయి. ఎవరైనా ఇష్టపడతారు. రెండోది 1963లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన కాస్మిక్ టోన్స్ ఫర్ మెంటల్ థెరపీ. డ్రమ్మర్ టామీ హంటర్ టేపు రికార్డర్ నుంచి బయటికొచ్చే తీగను మళ్ళీ దాంట్లోకే కలిపాడు. దాంతో ధ్వని గుహలో మోగినట్టు ప్రతిధ్వనించింది. ఖరీదైన స్టూడియో లేనివాళ్ళు చేసిన ప్రయోగమిది. మూడోది 1966 నాటి స్ట్రేంజ్ స్ట్రింగ్స్. బృందంలో వాళ్ళకు అలవాటు లేని తీగవాద్యాలు చేతికిచ్చి వాయించమన్నాడు. ఇది సంగీతమా, గోలా అని శ్రోతలు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన మంచిదే అంటాం మేము. ఏది శాస్త్రీయం, ఏది మోత అన్న గీత ఎవరు గీశారన్నది డప్పు చప్పుడును అంటరానిదన్న దేశంలో మనం అడగాల్సిన ప్రశ్నే.

1961లో షికాగో విడిచి న్యూయార్క్ చేరారు. తిండికి కూడా కష్టమైన రోజులవి. 1966 నుంచి స్లగ్స్ అనే చిన్న సెలూన్‌లో సోమవారం రాత్రుల కచేరీలు వాళ్ళను నిలబెట్టాయి. 1968లో ఫిలడెల్ఫియా జర్మన్‌టౌన్‌కి మకాం మార్చారు. బృందంలోని మార్షల్ అలెన్ తండ్రిది అక్కడ మార్టన్ వీధిలో ఇల్లు. అందరూ ఆ ఇంట్లోనే కలిసి బతికారు. అచ్చు కవర్లకు డబ్బుల్లేనప్పుడు బృందం వాళ్ళే ఖాళీ అట్టల మీద బొమ్మలు వేసి, ఫొటోలు అతికించి కచేరీకి పట్టుకెళ్ళేవాళ్ళు. ఇవాళ సేకరించేవాళ్ళు ఏ రెండు కవర్లూ ఒకేలా లేవని మురిసిపోతారు. ఆ వైవిధ్యానికి మూలం లేమి అన్న సంగతి మరిచిపోకూడదు. ఆ కవర్ల బొమ్మలన్నీ పోగుచేసి 2022లో అందమైన పెద్ద పుస్తకంగానే వేశారు.

1971లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ఆయన పాఠం చెప్పాడు. విశ్వంలో నల్లమనిషి అన్నది విషయం. పేరు నమోదు చేసుకున్న విద్యార్థులు కొద్దిమంది. గది నింపింది మాత్రం చుట్టుపక్కల నల్లవాడల జనం. అదే ప్రాంతంలో ఓక్లాండ్ బ్లాక్ పాంథర్ల కేంద్రం. ఆ పాంథర్ల పేరు స్ఫూర్తితోనే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. సన్ రాకి మాత్రం పాంథర్లతో పొసగలేదు. ఆయన ఊరేగింపుల్లో నడవలేదు, ఓటు గురించి మాట్లాడలేదు. ఈ భూమి మీద నల్లవాడికి న్యాయం దొరకదు, వేరే లోకం వెతుక్కోవాలన్నది ఆయన తత్వం. ఓక్లాండ్‌లో తీసి 1974లో విడుదలైన స్పేస్ ఈజ్ ద ప్లేస్ సినిమా సారాంశమూ ఇదే.

ఇది పలాయనమా? మా జవాబు సూటిగా చెబుతాం. చట్టం మారాలంటే వీధిలోకి రావాల్సిందే. ఆ పని ఆయన చేయలేదు, దాన్ని వేరేవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, ప్రాణాలిచ్చి చేశారు. కానీ బానిసల వారసులని మాత్రమే తమను చూసుకున్న పిల్లలకు పిరమిడ్లు కట్టిన గతాన్నీ, గ్రహాలు తిరిగే భవిష్యత్తునూ ఊహించుకునే ధైర్యం ఇచ్చినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నాడు. ఊహ కూడా అణచివేతకు గురవుతుంది. దాన్ని విడిపించడమూ పనే.

లోపాలూ చెప్పాలి. బృందంలో మాట ఆయనదే. మద్యం, మత్తు నిషేధం. ఏ వేళ పిలిచినా రిహార్సల్‌కి రావాలి, అదీ గంటల తరబడి. చేతికొచ్చే డబ్బు మాత్రం బొటాబొటి. జాన్ గిల్మోర్ లాంటి గొప్ప శాక్సఫోన్ కళాకారుడు బయటికెళ్తే పేరూ డబ్బూ సంపాదించగలిగినవాడు, జీవితమంతా అక్కడే గడిపాడు. ఆడవాళ్ళకు చోటు చాలా తక్కువ. గాయని జూన్ టైసన్ వచ్చేదాకా అది దాదాపు మగవాళ్ళ లోకం. యజమానులను వద్దనుకున్నచోట గురువు యజమాని అయ్యే ప్రమాదం మన సంఘాలకూ తెలియనిది కాదు.

ఇక రికార్డుల సంగతి. 1970ల మొదట్లో ఇంపల్స్ అనే పెద్ద కంపెనీ కొన్ని సాటర్న్ ఎల్పీలు మళ్ళీ వేసింది. అమ్మకాలు ఆశించినట్టు లేవని ఒప్పందం ఆపేసింది. ఆ కాపీలు కవరు మూల కత్తిరించి చవక బుట్టల్లోకి చేరాయి. చాలామంది యువకులు సన్ రాని మొదట విన్నది ఆ బుట్టల్లోంచి తీసుకునే. తర్వాత రికార్డులు పోగుచేసేవాళ్ళు ఒక పెద్ద పని భుజానికెత్తుకున్నారు. ఏ పాట ఏ ఏడాది, ఎక్కడ, ఎవరు వాయించారన్నది ఒక్కొక్కటిగా తేల్చారు. రాబర్ట్ కాంప్‌బెల్ ఆ వివరాలతో ఒక గ్రంథమే తయారుచేశాడు. ఆల్టన్ అబ్రహాం 1999లో చనిపోయాక ఆయన ఇంట్లోని టేపులు, కాగితాలు, బొమ్మలు చెత్తలోకి పోబోతుంటే జాన్ కార్బెట్ అనే రచయిత కాపాడాడు. ఆ సామగ్రిలో చాలాభాగం ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ఈ శ్రమకు కృతజ్ఞత చెప్పాల్సిందే. అయితే పాత కాపీ చేతులు మారిన ప్రతిసారీ పెరిగే ధరలో వాయించినవాళ్ళకు పైసా రాదు.

1990 నుంచి పక్షవాతం ఆయన్ను కుంగదీసింది. చక్రాల కుర్చీలో కూర్చుని కూడా కచేరీలు చేశాడు. చివరికి బర్మింగ్‌హామ్‌లో అక్క దగ్గరికి చేరి, 1993 మే 30న కన్నుమూశాడు. ఎల్మ్‌వుడ్ శ్మశానంలో సమాధి చేశారు. ఆ శ్మశానం ఒకప్పుడు తెల్లవాళ్ళకే. 1969లో వియత్నాంలో చనిపోయిన బిల్ టెర్రీ అనే నల్లజాతి సైనికుడి శవానికి అక్కడ చోటివ్వలేదు. కుటుంబం ఫెడరల్ కోర్టులో గెలిచాకే, 1970 జనవరిలో, అతన్ని అక్కడికి తెచ్చి మళ్ళీ పాతిపెట్టారు. ఈ భూమి తనది కాదన్న సన్ రాకి ఆ భూమిలో ఆరడుగులు దొరికింది ఒక తల్లి, ఒక భార్య వేసిన దావా వల్ల. శ్మశానం దారి కోసం ఇప్పటికీ కొట్లాడుతున్న పల్లెలు మనకున్నాయి. ఊహా కావాలి, దావా కూడా కావాలి.

ఆయన బృందం ఇంకా వాయిస్తూనే ఉంది. 1995లో పగ్గాలు పట్టిన మార్షల్ అలెన్‌కి 2024లో నూరేళ్ళు నిండాయి.

విద్యార్థి మిత్రులకు ఒక్కమాట. మన పాటగాళ్ళ క్యాసెట్లు ఇళ్ళల్లో అటకల మీద బూజు పడుతున్నాయి. కొన్నింటి మీద పేరు కూడా లేదు. సాటర్న్ రికార్డుల మీద తేదీలు వేయనందుకు వాటిని తేల్చడానికి ఎందరో ఏళ్ళకేళ్ళు తంటాలు పడ్డారు. అక్కడ వెతికేవాళ్ళయినా దొరికారు. మన క్యాసెట్ల కోసం ఎవరో వస్తారని ఎదురుచూడొద్దు. పాడినవాళ్ళు బతికుండగానే వెళ్ళి అడగండి. పాట ఎవరు కట్టారు, ఎవరు పాడారు, డప్పు ఎవరు కొట్టారు, ఏ ఊళ్ళో, ఏ ఏడాది, ఏ సందర్భంలో అన్నది రాసిపెట్టండి. ఒక కాపీ ఆ కుటుంబం దగ్గరే ఉంచండి. హక్కు వాళ్ళదేనని కాగితం మీద పెట్టండి.