ఆ చిన్న మాత్ర వెనక మన సుబ్బారావు

మా కోహీర్‌లో ఎదురింటి వదిన మొన్నొక సందేహంతో వచ్చింది. బయోటెక్నాలజీ చదివిన కూతురు పీజీ చేస్తానంటోందట. జీవశాస్త్రం, వైద్యం, కంప్యూటర్లు మూడూ కలిసిన చదువట అది. అటు డాక్టరూ కాదు, ఇటు ఇంజనీరూ కాదు, పెళ్ళికి దాచిన బంగారం ఇలాంటి చదువుకి అమ్మాలా అని ఆమె బెంగ. నాకు వెంటనే వెంకమ్మగారు గుర్తొచ్చారు. ఆమె ఎవరంటారా? డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు తల్లి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలిచేది కాదు. డబ్బు సంపాదించాలని పదమూడేళ్ళకే కాశీకని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. 1913లో తండ్రి జగన్నాథం పోయారు. ఇంట్లో గడవడమే కష్టమైనా వెంకమ్మగారు నగలమ్మి కొడుకును చదివించారంటారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్ల ప్రొఫెసరుకి కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్. రావాల్సిన చోట ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే రోగమది. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పటినుంచే.

1919లో శేషగిరితో పెళ్ళయింది. చదువుకి సాయం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కూతురే ఆవిడ. 1920ల మొదట్లో సుబ్బారావు అమెరికా ఓడెక్కేనాటికి ఆమె నెలలు నిండని గర్భిణి. మూడేళ్ళలో వచ్చేస్తానని చెప్పి వెళ్ళారంటారు. పుట్టిన బాబు పసితనంలోనే కన్నుమూశాడు. ఆయన మాత్రం మళ్ళీ రానేలేదు.

బోస్టన్‌లో పొట్టకూటికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదివారు. వైద్యం చదివిన మనిషి జీవరసాయన శాస్త్రంలోకి మళ్ళారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. ఇద్దరి పేర్లతోనే ఆ పద్ధతి పాఠ్యపుస్తకాలకెక్కింది. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలుసుకోవడంలోనూ ఆ ఇద్దరి పాత్ర పెద్దది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది గానీ, హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళాక ఆయన చేతికి బలం వచ్చింది. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కడుపుతో ఉన్నప్పుడు ఐరన్‌తో కలిపి మనకిచ్చే మాత్రలో ఉండేది అదే! స్ప్రూ రోగులకు అక్కరకొచ్చిందీ అదే. అన్నదమ్ములకు అందని మందు లోకానికి అందింది.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులూ ఆ బృందం చేతుల్లోనే పుట్టాయి. వాటిలో ఒకదాన్ని 1947లో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకిచ్చి, కొంతకాలమైనా జబ్బు తగ్గడం చూశారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇవాళ కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునేవాళ్ళు మనలో ఎందరో! బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన పర్యవేక్షణలో వచ్చినవే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. అప్పటికి యాభై మూడేళ్ళు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన కాలంలో గాజుసీసాలే ఆధారం. ఇప్పుడు మెథోట్రెక్సేట్ అడ్డుకునే ఎంజైము రూపాన్ని కంప్యూటరు తెర మీద తిప్పి చూస్తూ కొత్త మందులు వెదుకుతున్నారు. మా వదిన కూతురు చదువుతానంటున్నది ఆ విద్యే. డాక్టరు కాకుండానే రోగం కుదర్చొచ్చని సుబ్బారావు ఎప్పుడో చూపించారు.

అంతా విని వదిన అడిగింది ఒక్కటే, ఆ శేషగిరి సంగతేమిటని. నా దగ్గర జవాబు లేదు. ఆయన మందులతో బతికినవాళ్ళందరం ఆవిడకీ ఋణపడ్డామని మాత్రం అనిపించింది. పిల్లను చదవనివ్వమన్నాను. మన జిల్లాలోనే, కంది ఐఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది, ముందు అక్కడ కనుక్కోమన్నాను. ఎంత దూరం వెళ్ళినా ఇంటిదారి మరవొద్దని కూతురికి చెప్పమన్నాను. బంగారం సంగతి ఆలోచిస్తానంటూ వదిన లేచింది.