మెకంజీ దొర

సిరుగుప్ప దగ్గర తుంగభద్ర రెండు పాయలుగా చీలి, దేశనూరును నడుమ ఉంచుకొని ప్రవహిస్తుంది. అందువల్ల హచ్చొళ్ళి వంటి మన తాలూకా గ్రామాల పిల్లలకు దీవి అంటే ఏమిటో పటం చూపి చెప్పనక్కరలేదు. అయితే ఏటి దీవి చిన్నది. సముద్రం మధ్య రాజ్యాలంత పెద్ద దీవులు ఉన్నాయి. అటువంటి దీవులలో తిరిగి, అక్కడి రాళ్ళ మీది బొమ్మలనూ రాతలనూ పరిశీలించి, మన బళ్ళారి సీమ ఊళ్ళ కథలను కూడా కాగితం మీద పెట్టించిన ఒక సర్వేయరు జీవితం ఈ పాఠం.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండుకు పడమట సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవు పట్టణంలో జన్మించాడు. ఆ దీవిలో ఇళ్ళలో మాట్లాడేది గేలిక్ భాష, కచేరీలో నడిచేది ఇంగ్లీషు. ఇంట ఒక భాష, బయట మరొక భాష అన్న సంగతి మనకూ కొత్త కాదు కదా! అక్కడి సుంకాల కచేరీలో కొంతకాలం పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మదరాసు చేరాడు. పుట్టిన దీవికి ఆయన మళ్ళీ తిరిగి వెళ్ళలేదు.

1795లో కంపెనీ సేనలు సింహళం మీదికి వెళ్ళినప్పుడు మెకంజీ ఇంజనీరుగా వెంట వెళ్ళాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కొలంబో కోట డచ్చివారి చేతినుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. అంతకు ముందు ఆ తీరం పోర్చుగీసువారిది. ఒక దీవి కోసం ఇన్ని దేశాలవారు ఎందుకు పోట్లాడారు? అక్కడ దాల్చినచెక్క పండుతుంది. మన్నారు సముద్రంలో ముత్యాలు దొరికేవి. ట్రింకోమలీలో ఎంత పెద్ద ఓడలైనా తుఫానుకు తలదాచుకోగల లోతైన రేవు ఉంది. అన్నిటినీ మించి, తూర్పుకూ పడమరకూ పోయే ఓడలకు అది దారి మధ్య మజిలీ. ఆ దీవి నడుమ కొండలలో క్యాండీ రాజ్యం మాత్రం 1815 దాకా లొంగలేదు. ఆ రాజ్యాన్ని చివరి రోజులలో ఏలినవారు మధుర నాయకుల బంధువర్గం వారు.

1799లో ఆయన చూచిన దీవి సముద్రంలోది కాదు. కావేరి రెండు పాయల మధ్య ఉన్న శ్రీరంగపట్టణం అది. టిప్పు సుల్తాను రాజధాని. చుట్టూ నీరు, నీటికి లోపల కోట. కానీ మే నెలలో కావేరి సన్నబడింది. శత్రుసేనలు నీటిలో నడిచి వచ్చి కోటగోడ ఎక్కాయి. మే 4న టిప్పు మరణించాడు. నది కాపలా నీరున్నంత వరకే.

యుద్ధం ముగిశాక మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పని మెకంజీకి అప్పగించారు. గొలుసులతో, దుర్భిణులతో దాదాపు పదేళ్ళు సాగిన ఆ పనిలో సుమారు 40,000 చదరపు మైళ్ళ నేల పటాలకెక్కింది. ఆ కాలంలోనే హంపి శిథిలాల పటం కూడా తయారయింది. నేలను కొలవడం ఆయనకు తెలుసు. కానీ ఆ నేల మీద బ్రతికినవారి కథ తెలియాలంటే వారి భాష రావాలి. మెకంజీకి మన భాషలు రావు. ఆ కొరత తీర్చినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1796 నుంచి మెకంజీ దగ్గర పనిచేసిన ఈ యువకుడు అనేక భాషలు నేర్చి, ఎవరికీ బోధపడని పాత కన్నడ శాసనాలను చదివే మార్గం చూపాడు. మెకంజీ సేకరణ అంతటికీ తలుపు తీసింది బొర్రయ్యే అనడం న్యాయం. ఆయన 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు.

1811లో మెకంజీ మళ్ళీ ఓడ ఎక్కాడు. ఈసారి జావా దీవికి. అప్పుడు అది కూడా డచ్చివారి చేతిలోనే ఉంది. అగ్నిపర్వతాల దీవి అది. ఆ కొండలు కక్కే బూడిద ప్రాణాలు తీస్తుంది, అదే బూడిద కాలక్రమాన నేలను సారవంతం చేస్తుంది. అందుకే కొండవాలులో కూడా మెట్లు మెట్లుగా వరి పండించే ఆ దీవిలో నేడు 15 కోట్లకు పైగా జనం ఉన్నారు. ప్రపంచంలో మరే దీవిలోనూ ఇంత జనాభా లేదు.

1812 జనవరిలో మెకంజీ అక్కడ ప్రంబనన్ అనే చోట కూలిపోయిన ఆలయాలను చూడడానికి వెళ్ళాడు. తొమ్మిదో శతాబ్దంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల కోసం కట్టిన గుడులు అవి. శివాలయం చుట్టు గోడ మీద రామాయణ కథ రాతిలో చెక్కి ఉంది. హంపి హజార రామాలయం గోడల మీద మనం చూచే కథే, అంతకు ఆరు వందల ఏళ్ళ ముందు, సముద్రం అవతల! జావా పాత శాసనాల లిపి పల్లవుల లిపి నుంచి పుట్టింది. మన తెలుగు, కన్నడ అక్షరాలకూ ఆ లిపికీ మూలం బ్రాహ్మియే. చుట్టూ నీరు ఉంది గనుక దీవి అందరికీ దూరం అనుకుంటాం. నిజానికి రోడ్లు లేని ఆ కాలంలో నీరే రాజమార్గం. సరుకుతో పాటు కథలూ, అక్షరాలూ, దేవుళ్ళూ ఆ మార్గానే ప్రయాణం చేశారు.

అయితే జావాలో జరిగిన మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. 1812 జూన్‌లో ఇంగ్లీషు సేన జోగ్యకర్త సుల్తాను కోటను కొల్లగొట్టింది. రాజభవనంలోని గ్రంథాలను ముఖ్య అధికారులు పంచుకున్నారు. వారిలో మెకంజీ ఒకడు. మన ఊళ్ళలో కరణాలను బతిమాలి రాతలు సేకరించిన మనిషే అక్కడ కొల్లసొమ్ములో భాగం తీసుకున్నాడు. ఈ రెండూ ఒకే జీవితంలోవి.

ఆయన జావాలో ఉన్న రోజులలో కూడా ఇక్కడి పని ఆగలేదు. నిజాము 1800లో కంపెనీకి ఇచ్చిన బళ్ళారి, కడప ప్రాంతాలను దత్తమండలాలు అనేవారు. లక్ష్మయ్య అజమాయిషీలో గుమాస్తాలు ఆ ఊళ్ళు తిరిగారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అని పెద్దలను అడిగారు. కరణాల ఇళ్ళలోని కవిలె కట్టలు విప్పించారు. మాన్యాలు ఊడబెరకడానికో, పన్ను పెంచడానికో వచ్చారని కొందరు భయపడ్డారు. ఆ భయం అర్థంలేనిది కాదు, అడుగుతున్నది కంపెనీ మనుషులే కదా! ఇలా రాసిన ఊరి చరిత్రలే కైఫీయతులు. రాజుల పేర్లు ఇతర గ్రంథాలలోనూ దొరకవచ్చు గాని, చెరువుకట్ట తెగిన కథ, కరువుకు ఊరు పాడుబడిన కథ కైఫీయతులలోనే దొరుకుతాయి.

మెకంజీ 1813లో జావా విడిచి వచ్చాడు. 1815లో భారతదేశానికంతటికీ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో ఆయన ఒంటరిగా లేడు, ముగ్గురు భారతీయ సహాయకులు పక్కనే నిలబడి ఉన్నారు. 1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద పడవలో పోతుండగా మరణించాడు.

అప్పటికి పోగైనవి 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు, 1,568 తాళపత్ర, కాగితపు గ్రంథాలు. వాటిని కంపెనీ పదివేల పౌన్లకు కొన్నది. మిగిలిన పని పూర్తిచేస్తానని లక్ష్మయ్య అడిగాడు. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ఆ పని ఆయన శక్తికి మించినదని కాదన్నది. ఆయన మాత్రం ఆ పనిని ఏళ్ళ తరబడి నడిపినవాడు! తరువాత సి. పి. బ్రౌను, లండను చేరిన దక్షిణ భాషల ప్రతులను మదరాసుకు రప్పించడానికి పాటుపడి, కైఫీయతులకు నకళ్ళు రాయించాడు. అవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

జోగ్యకర్త గ్రంథాలు మాత్రం లండనులోనే ఉండిపోయాయి. 2019లో బ్రిటిష్ లైబ్రరీ వారు 75 గ్రంథాల కంప్యూటరు ప్రతులను అక్కడి సుల్తానుకు అందజేశారు. అసలు గ్రంథాలు పంపలేదు.