పసిపిల్లల రక్త క్యాన్సర్‌పై భీమవరం బిడ్డ పోరు

పసిపిల్లలకు రక్త క్యాన్సర్ సోకితే 1947 దాకా ఏ దేశంలోనూ సరైన మందు లేదు. కొద్ది వారాల్లోనో, నెలల్లోనో ప్రాణం పోయేది. ఆ జబ్బును తొలిసారి వెనక్కి నెట్టిన మందు మన జిల్లావాసి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో తయారైంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం గార్లు. ఇంట్లో పేదరికం. చిన్నతనంలో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలితే తల్లి పట్టి తెచ్చి మళ్లీ చదువులో పెట్టారు. మూడో ప్రయత్నంలో గాని మెట్రిక్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో మరణించారు. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో పాతుకుపోయింది. మామగారి సహాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపనులు చేస్తూ చదువుకున్నారు. ఇక్కడ పుట్టిన కొడుకు, తండ్రి కళ్లబడకుండానే పసితనంలో పోయాడు.

హార్వర్డ్‌లో పరిశోధనల అనంతరం 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో చేరారు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. ఆకులో దొరికింది కనుక ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. సుబ్బారావు గారి బృందం దాన్ని 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది.

శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. రక్త క్యాన్సర్‌లో పక్వానికి రాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటికీ అదే ఆహారం. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ ఆహారాన్ని ఆపాలనుకున్నారు. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్ నిర్మాణంలో చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్ తయారుచేసింది. తాలుగింజ చూపుకు ధాన్యంలాగే ఉన్నా నారుమడిలో మొలవదు. ఈ మందూ అంతే. కణం అసలుదనుకుని తీసుకుంటుంది, పెరుగుదల ఆగిపోతుంది.

ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలకు మళ్లీ తిరగబెట్టింది. అయినా రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చని రుజువైంది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు.

ఆ విజయం ఎంత దూరం పోతుందో చూడకుండానే 1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. భార్య శేషగిరి గారి ఎదురుచూపు అలాగే మిగిలింది. 1995లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది. కోలుకుని బడికి పోతున్న ప్రతి బిడ్డలోనూ ఈ భీమవరం మనిషి శ్రమ కొంత ఉంది.